పది నిమిషాల గున్నమ్మ

గిరిబాబు పాడ్‌కాస్ట్ మొదటి రెండు ఎపిసోడ్లనీ విన్నవాళ్లు ఏడుగురు. అందులో ముగ్గురు అతనే, మూడు ఫోన్లలో.

శ్రీకాకుళంలో అద్దె గది. గొంతు మోగకుండా గోడలకి బొంతలు కట్టుకున్నాడు. పుస్తకాల తెలుగులో విజయానికి పది మెట్లు చెప్పాడు. తనకి మాత్రం ఒక్క మెట్టూ అందలేదు. ఉద్యోగం పోయి ఎనిమిది నెలలు. మూడోది కూడా తన్నేస్తే సొంతూరు భావనపాడు వెళ్లి వల పట్టాల్సిందే.

కొత్తవాళ్లకి పాఠాలు చెప్పే ఆన్‌లైన్ గురువొకడు సలహా ఇచ్చాడు. మీ ఊళ్లో అసలైన గొంతు వెతుక్కో, పది నిమిషాలు దాటకు అని.

అసలైన గొంతంటే గున్నమ్మదే. గిరిబాబుకి మేనత్త. చేపలమ్ముతుంది. ఆమె నోటికి భావనపాడంతా దడుస్తుంది.

గున్నమ్మకీ ఒక పనుంది. ఏడాదిగా ఓ కాగితం కోసం ఆఫీసు చుట్టూ తిరుగుతోంది. ఆ కాగితం వస్తేనే కోడలికి, మనవరాలికి ఒక దారి.

"ఒరే గిరీ, ఇది పెద్దాఫీసర్లు ఇంటారా?"

"పెపంచమంతా ఇంటాదత్తా."

"అయితే ఫోనెట్టు. సెప్తాను."

తలగడల మధ్య ఫోను పెట్టాడు. పద్నాలుగు నిమిషాలు చెప్పింది.

"ఎల్లినపుడల్లా కూకోమంటారు. కుర్సీ ఉండదు. గోడకి ఆనుకుంటే గోడ కంపు కొడతాదంట. వెంకీగాడిని తెచ్చి సూపించు, కాయితం అట్టుకుపో అంటారు. మా వెంకీగాడు నా మాట ఏనాడిన్నాడు బాబూ, పిలిస్తే వచ్చీడానికి?"

వెంకీ ఆమెకి ఒక్కగానొక్క కొడుకు.

ఆమె ఆగిన చోటల్లా గిరిబాబు కత్తిరించాడు. నిశ్శబ్దముంటే జనం పారిపోతారని పాఠంలో చెప్పారు. చివరి మూడు నిమిషాలు గొంతు సరిగ్గా పలకలేదు. అవీ తీసేశాడు. లెక్కగా పది వచ్చింది.

పెట్టేముందు ఏ విభాగమో ఎంచుకోమని అడిగింది యాప్. వార్తలు, సమాజం, కుటుంబం, హాస్యం. సమాజం దాకా వెళ్లి ఆగాడు. మన యాస వినబడితే జనం ముందు నవ్వి తరవాత వింటారు, కొందరు నవ్వి ఊరుకుంటారు. ఆ సంగతి గిరిబాబుకి చిన్నప్పట్నుంచీ తెలుసు. హాస్యం నొక్కాడు.

వారంలో రెండు లక్షలమంది విన్నారు. 'కుర్సీ ఉండదు' అన్న ముక్కకి పెదాలాడించి కాలేజీ పిల్లలు వీడియోలు చేశారు. ప్రతి ఇంట్లోనూ ఒక వెంకీ ఉంటాడని ఒకావిడ రాసింది. కడుపు చెక్కలయ్యిందన్నారు. ఏం కాగితమని ఒక్కడూ అడగలేదు.

గిరిబాబుకి సిగ్గేసింది. తీసేద్దామనీ అనుకున్నాడు. ఈలోగా ఒక బట్టల కొట్టువాళ్లు ప్రకటన ఇస్తామని ఫోన్ చేశారు. సిగ్గు వాయిదా పడింది.

గున్నమ్మ ఫోన్ చేసింది. "ఏటన్నార్రా అందరూ?"

"నవ్వేరత్తా."



"ఆ ఆఫీసోళ్లూ ఇన్నారా?"

"ఇన్నారు. ఆళ్లూ నవ్వేరు."

"పోన్లే. నవ్విన మనిసి పని సేస్తాడు."

సోమవారం ఉతికిన చీర కట్టుకుని ఆఫీసుకి వెళ్లింది. గుమాస్తా ఆమెని చూడగానే లేచి తన కుర్చీ ఇచ్చాడు. పక్క గదులవాళ్లు కూడా వచ్చి చుట్టూ మూగారు. ఆ ముక్క ఇంకోసారి చెప్పమన్నారు. చెప్పింది. వెంకీ ముక్క కూడా కావాలన్నారు. అదీ చెప్పింది. ఫోన్లలో పట్టుకున్నారు. సెల్ఫీలు దిగారు. టీ తెప్పించారు. ఇన్నాళ్లకి తన కష్టం వాళ్ల తలకెక్కిందనుకుని ఆమె అందరికీ దండాలు పెట్టింది.

టీ తాగి, కాగితం మాటెత్తింది.

గుమాస్తా మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఇంత పేరొచ్చిన మనిషికి కాదని చెప్పడం అతనికీ ఇబ్బందిగానే ఉంది. అయినా పాత మాటే చెప్పాడు.

ఏడాది కిందట పడవ బోల్తాపడి సముద్రంలో కలిసిపోయిన వెంకీ శవాన్ని తెచ్చి చూపిస్తే తప్ప, వాడు చచ్చిపోయాడన్న కాగితం ఇవ్వడానికి రూల్సు ఒప్పుకోవట.