సాంచ ఆగిన పాట

నేనొక్కణ్ణే గిటార్ వాయించే ఆల్బమ్ అది. వేరే చప్పుడు రావద్దనే, కరెంటు మీటర్ పీకేసిన మా బట్టనేసే సాంచల షెడ్డుల రాత్రి రికార్డు చేసినం. అక్కడ్నే కూసోని ఇంటే, ప్రతి పాట కింద ఒక సాంచ నడుస్తున్నది.

"ఎవన్నడిగి కలిపినవ్ రా?" అని రికార్డు చేసిన ఇర్ఫాన్ మీదికి లేచిన.

"నేనేం కలపలే. ఐదో పాటల నీ తీగ తెగింది గద, గది ఇను."

ఇన్న. తీగ తెగింది. వెంటనే సాంచ ఆగింది. మూడేండ్ల కింద సచ్చిపోయిన మా నాయిన, పోగు తెగంగనే గట్లనే ఆపేటోడు.

తీగ తెగిన కోపానికి మూలకు పడేసిన గిటార్ తీసి చూసిన. ఆ తీగకు నేతోళ్ల ముడి ఏసి ఉన్నది.

"బతికుండంగ ఒక్కనాడు నా గిటార్ ఇనలే. గిప్పుడెందుకే నాయినా?" అని ఒర్రిన.

చీకట్ల సాంచ మల్ల మొదలైంది.