మోకాలు వంగిన రోజు

పెనం మీద ఉప్పు చిటపటమంటోంది. మహాదేవమ్మ దాన్ని గరిటెతో రెండుసార్లు తిరగేసి, పాత చీర పేలికలో పోసి మూట కట్టి, ముందు తన ముంజేతికి ఆనించి చూసుకుంది. మూట తీసుకుని మంచం దగ్గరికి వచ్చేసరికి చిన్న ఈరన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఈ పొద్దు వద్దులేవే. శానా నొప్పిగా ఉండాది."

"నిన్న గూడా అదే అంటివి. ఇట్ల తిరుగు."

"నువ్వు పెండ్లామా, పోలీసా?"

"కాలు చాపు."

గడప మీద కూర్చుని చేటలో అలసందలు ఏరుతున్న సుంకులమ్మకు తమ్ముణ్ణి చూస్తే నవ్వొచ్చింది, మరదల్ని చూస్తే జాలేసింది. తొడ ఎముక విరిగి మూడు నెలలు సిమెంటు కట్టులో ఉన్న కాలు అది. కట్టు విప్పేసరికి మోకాలు కట్టెలా బిగుసుకుపోయింది. రెండు పూటలా కాపడం పెట్టి, వంద సార్లు వంచి చాపకపోతే ఈ మనిషి జన్మలో కింద కూర్చోలేడని, బయటికి పోవాలన్నా ఒకరు పట్టుకోవాల్సిందేనని మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పి పంపింది. ఆ రోజు నుంచి మహాదేవమ్మ మొగుడితో మాట్లాడే మాటలు మూడే. లెయ్, చాపు, ఆ తర్వాత అంకెలు. అలక తీరలేదు కాబోలు అనుకుంది సుంకులమ్మ. అలిగితే మాత్రం తప్పేముంది?

"పిచ్చిదానా," అంది తమ్ముడికి వినిపించేటట్టే. "వానికి కాళ్లిచ్చి పంపిస్తాండావు గదే. బాగున్నన్ని దినాలు గుంతకల్లులో ఉంచుకున్న దాని ఇంట్లో ఉండె. కాలిరిగినాక గదా ఆసుపత్రి నించి బండిలో ఏసుకొచ్చి నీ వాకిట్లో దించిపోయిరి? అది ఒగసారన్నా తొంగి చూసిందా? వంగకుంటే పోనీలే. నీ కండ్ల ముందరన్నా పడుంటాడు."

"ముప్పై ఒకటి," అంది మహాదేవమ్మ. "ముప్పై రెండు."

"అబ్బా! సచ్చిపోతిని!" అని అరిచాడు ఈరన్న.

"ముప్పై మూడు."

ఉప్పు మూట పట్టి పట్టి ఆమె అరచేతులు కమిలి నల్లబడి ఉన్నాయి. అయినా పట్టు సడలలేదు. ఒక చేయి మోకాలి కింద, ఒక చేయి చీలమండ మీద.

వంద అయ్యేసరికి ఆసుపత్రి నర్సు విశ్వాసమ్మ వచ్చింది. కట్టు విప్పించుకుని పోయినవాళ్లలో ఎందరు చెప్పినట్టు చేస్తున్నారు, ఎందరు మానేశారు, ఎందుకు మానేశారు, అన్నీ రాసుకుని రమ్మని డాక్టరమ్మ ఆమెను ఊళ్ల మీదికి పంపింది.

"ఇరవై రెండు ఇండ్లు తిరిగినా, అక్కా," అంది సుంకులమ్మ ఇచ్చిన నీళ్లు తాగి. "ఒగాయన నొప్పి అంటాడు. ఒగామె చేను పని అంటాది. ఇంగొగాయన ఊరి దేవర జాతర అయిపోయినాక చేస్తానంటాడు. ఆ దేవర వచ్చే యేడంట!"

నవ్వుతూనే మంచం పక్కన కూర్చుని ఈరన్న కాలు వంచి చూసింది. మడమ వెళ్లి తొడకు తగిలింది. ఆమె నవ్వు ఆగిపోయింది. మళ్లీ ఒకసారి వంచింది.

"లేచి నిలబడప్పా. ఆ నీళ్ల కుండ దాకా పోయిరా."

"కట్టె ఇయ్యే," అన్నాడు ఈరన్న పెళ్లాంతో.

"కట్టె లేకుండా పో," అంది మహాదేవమ్మ.

ఈరన్న లేచాడు. గోడ పట్టుకోబోయి మానుకున్నాడు. ఒక్కో అడుగే వేసుకుంటూ పోయి, కుండ దగ్గర గొంతుక్కూర్చుని, నీళ్లు ముంచుకు తాగి, దేన్నీ పట్టుకోకుండా లేచి నిలబడ్డాడు. సుంకులమ్మ చేట పక్కన పెట్టేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

విశ్వాసమ్మ పుస్తకం తెరిచింది. "అందరూ పది దినాలకే మానేసిరి. నువ్వు నలభై దినాలు ఒగ పూట గూడా తప్పనీలేదు. ఎట్లమ్మా? డాక్టరమ్మకు చెప్పాల."

"మంచంలో ఉండే మనిషిని ఎట్ల ఇడిచిపెడతాము, సిస్టరమ్మా," అంది మహాదేవమ్మ ఉప్పు మూట విప్పుతూ.

నర్సు ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకుంది. కుండ దగ్గర నిలబడ్డ ఈరన్న కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మాదేవీ," అన్నాడు. "నేనింక యాడికీ పోను. గుంతకల్లుకు రేపే మాట పంపుతా. ఈడనే, నీ దగ్గరనే ఉంటా. మా అక్క మీద ఒట్టు."

"విన్యావేమే!" అంది సుంకులమ్మ సంతోషం పట్టలేక. "ఉరుకుంద ఈరన్నసామి ఇప్పటికి నీ దిక్కు చూసినాడు. ఒగ మాటన్నా అనవే, వాడు అంతగా అంటాంటే!"

మహాదేవమ్మ పెనం కడిగి బోర్లించింది. ఉట్టి మీది సంగటి కుండ దించి, మూత సరిచేసి, పొయ్యి పక్కన నేల మీద, మనిషి కూర్చుని తానే పెట్టుకు తినగలిగిన చోట ఉంచింది. చేతులు తుడుచుకుని లోపలికి పోయింది. సిస్టరమ్మకు మజ్జిగ తెస్తుంది కాబోలు అనుకుంది సుంకులమ్మ.

మహాదేవమ్మ చంకలో తన బట్టల మూటతో బయటికి వచ్చి, సుంకులమ్మ దారి ఇచ్చేదాకా గడప దగ్గర ఆగి, ఇల్లు దాటి వెళ్లిపోయింది.