ఐదు గంటల తేడా

"ఆవిడ ఒక్కసారే మేలుకుంటారు. ఆ టైముకి మీ చెల్లెలు పక్కన ఉండాలి. ఎన్నింటికి వస్తుందో కచ్చితంగా చెప్పండి," అన్నాడు డాక్టరు, పొద్దున్నే వార్డుకు వచ్చి.

లెక్కల మాస్టారు జేబులోంచి టికెట్ కాగితం తీశాడు.

మంచం మీద తల్లి మత్తులో ఉంది. మందు ఆపితే రెండు గంటలకు తెలివి వస్తుంది. అరగంటో గంటో మాట్లాడుతుంది. నొప్పి తిరగబెట్టగానే మళ్ళీ మత్తు ఇవ్వాలి. ఆ తర్వాత ఇక లేవదు. రేపటిదాకా ఆగే గుండె కాదని డాక్టరు ముందే చెప్పేశాడు.

ఏడేళ్ళ కిందట మాటామాటా పెరిగి విదేశం వెళ్ళిపోయిన కూతురు ఇవాళ వస్తోంది. ఆమెను ఒక్కసారి చూడాలన్నదే ఆ తల్లి కోరిక. కూతురు అప్పటికే విమానంలో ఉంది. ఫోను కలవడం లేదు.

"దిగేది మధ్యాహ్నం మూడింటికి అని ఉందండీ," అంది మాస్టారి భార్య కాగితంలోకి తొంగిచూసి.

"అది వాళ్ళ గడియారం. వాళ్ళు మనకంటే ఐదు గంటలు ముందు. మూడులోంచి ఐదు తీసెయ్. పొద్దున పది. పదకొండుకల్లా ఇక్కడుంటుంది."

డాక్టరు పదకొండు అని రాసుకుని వెళ్ళిపోయాడు.

"అయ్యా, దిగే టైము దిగే ఊరిదే వేస్తారండీ."

మాట పైనుంచి వచ్చింది. స్టూలు మీద నిలబడి గోడ గడియారానికి బ్యాటరీ మారుస్తున్న ముసలాయనది ఆ మాట. వారానికోసారి వచ్చి వార్డులో గడియారాలన్నీ సరిచేసి పోతాడు. గడియారాలాయన అంటారు అందరూ.

"మూడంటే మన మూడే. అందులోంచి మళ్ళీ తీసెయ్యకూడదండీ."

"పాతికేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను నేను!" మాస్టారికి చిర్రెత్తుకొచ్చింది.

"అమ్మాయిగారు విమానం ఎక్కింది ఎన్నింటికండీ?"

"వాళ్ళ గడియారంలో పదకొండుకి," అంది భార్య.

"అంటే మనకు పొద్దున ఆరు. పదికి దిగాలంటే నాలుగు గంటల్లో రావాలి. అంత దూరం నాలుగు గంటల్లో వస్తుందా తల్లీ?"

"గోడమీద గడియారం సంగతి నువ్వు చూసుకో పెద్దాయనా. గాల్లో విమానం సంగతి నేను చూసుకుంటాను," అన్నాడు మాస్టారు.

ముసలాయన స్టూలు దిగాడు గానీ వార్డు దాటి పోలేదు.

"ఎయిర్‌పోర్టుకు ఒక్క ఫోన్ చేసి కనుక్కుంటే పోయేదేముందండీ?" అంది భార్య గొంతు తగ్గించి.

"నా లెక్క మీద నీకు నమ్మకం లేదా?"

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ ప్రశ్నకు ఆమె ఎప్పుడూ జవాబు చెప్పలేదు. ఇవాళా చెప్పలేదు. చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

తొమ్మిదింటికి మందు ఆపారు. మాస్టారు ఎయిర్‌పోర్టుకు బయలుదేరాడు.

పదయింది. పదిన్నరయింది. బోర్డు మీద చెల్లెలి విమానం ఎక్కడో అడుగున ఉంది.

"మూడింటికి వస్తుంది సార్," అంది కౌంటర్లో అమ్మాయి.

"మన టైమా, వాళ్ళ టైమా?"

"ఇక్కడ ఉండేది ఒక్క టైమే సార్," అంది ఆమె వింతగా చూసి.

మాస్టారు వెంటనే భార్యకు ఫోన్ చేశాడు.

"డాక్టరుతో చెప్పు. అమ్మను ఇప్పుడే లేపొద్దని చెప్పు."

"ఇంకేం చెప్పనండీ, అత్తయ్య కళ్ళు తెరుస్తోంది."

పరుగు పరుగున వార్డుకు చేరేసరికి మధ్యాహ్నం పన్నెండు. తల్లికి మళ్ళీ మత్తు ఇచ్చేశారు. గోడమీద గడియారం మాత్రం పది కావడానికి ఇంకా పావుగంట ఉందంటోంది.

"గడియారం కూడా సరిగ్గా దిద్దడం చేతకాదు, నాకు లెక్కలు చెప్పడానికి వచ్చాడు!" మాస్టారు తన కోపాన్ని దాని మీద చూపించాడు.

"ఆయన్నేమీ అనకండి," భార్య కళ్ళు తుడుచుకుంది. "కళ్ళు తెరవగానే చిన్నదేదీ అంది అత్తయ్య. పదింటికి దిగుతుందని నోరు జారాను. గడియారం వైపు చూసింది. అప్పటికే ఆయన ముళ్ళు వెనక్కి తిప్పి పెట్టాడు. తొమ్మిదే అయినట్టుంది. ఇంకా టైముందిలే అని నవ్వింది. అది వచ్చేలోగా తల దువ్వమంది. నేను దువ్వుతూనే ఉన్నాను. సగంలో నొప్పి మొదలైంది."

మాస్టారు తల్లి తలవైపు చూశాడు. ఒకవైపు జుట్టు నున్నగా దువ్వి ఉంది. రెండోవైపు రేగిపోయి ఉంది.

చెల్లెలు నాలుగింటికి వచ్చింది. అమ్మా, అమ్మా అని పిలిచింది. ఎన్నిసార్లు పిలిచినా తల్లి కళ్ళు తెరవలేదు. ఆరింటికి ఊపిరి ఆగిపోయింది.

చెల్లెలి ముఖం చూసే ధైర్యం లేక మాస్టారు నర్సు దగ్గరకు వెళ్ళాడు.

"ఆ గడియారాలు బాగుచేసే ఆయన ఎక్కడుంటాడమ్మా? కాళ్ళమీద పడాలి."

"ఆయన గడియారాలు బాగుచేసే మనిషి కాదండీ. మేమెవరమూ పిలవలేదు, జీతమూ లేదు. తనంతట తనే వస్తాడు," అంది నర్సు. "ఎనిమిదేళ్ళ కింద ఆయన భార్య ఇదే వార్డులో కళ్ళు తెరిచి, ఆ గడియారం వంకే చూస్తూ పోయింది. అప్పుడాయన ఎయిర్‌పోర్టులో నిలబడి ఉన్నాడు, మరదలి టికెట్ మీది టైములోంచి గంటలు తీసేసుకుని."