నట్టు పట్టుకునే మనిషి

గోడలోంచి డ్రిల్లు మొన బయటికొచ్చింది.

ఫణిభూషణ్ చేతిలోని ఇడ్లీ ముక్క చేతిలోనే ఆగిపోయింది. క్యాలెండరుకి జానెడు కింద చిటికెనవేలంత కన్నం. దాంట్లోంచి రాలిన తెల్లపొడి నేరుగా వచ్చి చట్నీ గిన్నెలో పడింది.

“హారతీ! చూసేవా? గోడకి చిల్లు పెట్టేసేరు!”

భార్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేలోపు రెండోదీ పడింది.

అది ఇటుక గోడ కాదు. రెండేళ్ళ కిందట అన్నదమ్ములు ఈ మేడమీది హాలుని రెండు చేసుకున్నారు. కింద దూలం లేదని, ఇటుకలు పేరిస్తే శ్లాబు ఆగదని మేస్త్రి చెప్పడంతో ఇనప ఫ్రేము నిలబెట్టి, రెండు వైపులా సిమెంటు బోర్డులు బిగించారు. ఇటు ఫణిభూషణ్, అటు అన్న లక్ష్మీనరసింహం. అటు దగ్గితే ఇటు వినిపిస్తుంది. పలకరింపు మాత్రం రెండేళ్ళుగా దాటి రాలేదు.

తల్లికి గుండెనొప్పి వచ్చినరోజు తిన్నగా విశాఖ తీసుకెళ్దామన్నది అన్న. ముందు చోడవరంలోనే చూపిద్దామన్నది తమ్ముడు. పెద్దవాడి మాటే నెగ్గింది. ఆవిడ దారిలోనే పోయింది. పదకొండోరోజున తమ్ముడు అందరి ముందూ అన్నని ఒక మాట అన్నాడు. అది అనకుండా ఉండాల్సిందని ఫణిభూషణ్‌కి ఆ రాత్రే తెలిసింది. ముందుగా ఎవరు పలకరించాలన్నదే ఇప్పటిదాకా తేలలేదు.

తలుపు తట్టి, బోర్డుపని సత్తిబాబు లోపలికొచ్చాడు. ఒళ్ళంతా పొడి.

“తప్పయిపోనాది బాబూ. అన్నగారు అటేపు వాష్‌బేసిను పెట్టించుకుంతన్నారు. గోడకి యేలాడే రకం.”

“అయితే నా గోడకెందుకు చిల్లు?”

“ఉత్త బోర్డుకి స్క్రూలు బిగిత్తే ఆగదండి. ఎవులైనా సెయ్యి ఆన్చితే సాలు, బోర్డుతో సహా ఊడొచ్చేస్తాది. ఇటేపు చెక్క అడ్డం పెట్టి, బోల్టులు అట్నించి తోసి, ఇక్కడ నట్టులు బిగించాల.”

“లోపల ఇనప ఫ్రేము ఉంది కదా. ఓ అడుగు జరిపి దానికి పట్టించొచ్చుగా?”

“అదే నానూ సెప్పేను. కాదు, ఇక్కడేనని పెన్సిలుతో గీత గీసేరు.”

“కింద స్టాండున్న బేసిను కొనుక్కోవచ్చు!”

“అదీ సెప్పేను బాబూ. ఒద్దన్నారు.”

“మొండిఘటం.”

“ఆ ఒక్క ఘటమేనా?” అంది హారతి.

సత్తిబాబు తల గోక్కున్నాడు. “నాను బేసిను ఎత్తి పట్టుకోవాల. అన్నగారు బోల్టు తిప్పుతారు. ఇటు నట్టుని పానాతో కదలకండా పట్టుకునే మనిషి కావాల. లేకపోతే బోల్టుతోపాటు నట్టూ తిరుగుతాది. ఇయ్యాల నా జత మనిషి రానేదు.”

“నేను పట్టుకోను.”

“నేను పట్టుకుంటాను,” హారతి చెంగు దోపి, సత్తిబాబు చేతిలోని పానా అందుకుంది.

“నీ చేతికి ఆగదు. ఇలా తే!” ఫణిభూషణ్ పానా లాక్కున్నాడు. “పట్టుకుంటాను. మాట్లాడ్డం మాత్రం లేదు.”

చెక్కని ఇటు ఆనించి సత్తిబాబు వెళ్ళాడు. కాసేపటికి రెండు బోల్టు కొనలు బయటికి తొంగిచూశాయి.

“బాబూ! ముందు ఎడమపక్కది పట్టుకోమంతన్నారు అన్నగారు!”

“ఎవరికి ఎడమ? ఆయనకా నాకా? అడుగు!”

“ఆయనకేనంట!”

“అయితే నాకది కుడి అని చెప్పు!”

గోడకి అటు వదిన దుర్గాంబ పకపకా నవ్వింది.

బోల్టు తిరిగింది. పానా అరచేతిని కోస్తున్నా ఫణిభూషణ్ పట్టు వదల్లేదు. ఒక చుట్టు. రెండు చుట్లు. చెక్క కిర్రుమంటూ బోర్డుకి అతుక్కుంటోంది. అంతలో రెండో బోల్టు కొన సర్రున వెనక్కి పోయింది.

“బాబోయ్, ఒరిగిపోతంది!” సత్తిబాబు కేక.

“అన్నయ్యా, తిప్పకు! ఆగు! రెండోది ఇటు తొయ్యి, నేను అందుకుంటాను!”

“తోసేనురా! అందిందా?”

“ఇంకొంచెం! ఇంకొంచెం! అందింది! వదలకు!”

“ఒరే ఫణీ, గట్టిగా పట్టరా! పొద్దున్న టిఫిను తిన్లేదేటి?”

“తిననిచ్చేవా? చట్నీలో గోడ కలిపేవు కదా!”

అటు ముగ్గురు, ఇటు ఇద్దరు, అయిదుగురి నవ్వులతో గోడ అదిరింది. ఆ తర్వాత సత్తిబాబు నోటితో పని పడలేదు. “బిగించు”, “చాలు”, “నీ వైపు ఎత్తు”, “నీ మొహం, నాది సరిగ్గానే ఉంది” అని అన్నదమ్ములే అరుచుకున్నారు. ఆఖరి చుట్టు బిగిసేసరికి ఫణిభూషణ్ చొక్కా తడిసి వీపుకి అంటుకుంది.

“ఆనుకుంటన్నాను, చూడు!” అన్నాడు అన్న.

చెక్క వెంట్రుకవాసి కదల్లేదు.

“రాయిలా ఉందన్నయ్యా!”

తర్వాత అదే గొంతు, కొంచెం తగ్గి వినిపించింది.

“ఇటొచ్చి చూడరా.”

హారతి గుమ్మంకేసి చూపించింది. ఫణిభూషణ్ తన మెట్లు దిగి, సందు మలుపులో చెరుకు లారీ అడ్డమొస్తే దాని పక్కనుంచే దూరి, అన్న మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు.

బేసిను తెల్లగా మెరుస్తోంది. దాని మీద కొత్త కుళాయి. పక్కనే అన్న. అన్న తలమీదున్నది పొడి అనుకున్నాడు. దగ్గరికి వెళ్తే తెలిసింది, పొడి కాదు, నెరిసిన జుట్టు.

“అన్నయ్యా, ఆరోజు నేను అన్న మాట...”

“రారా, టిఫిను చేద్దాం,” అన్నాడు లక్ష్మీనరసింహం.

ఫణిభూషణ్ మొహం తిప్పుకుని, చేతులు కడుక్కుందామని కుళాయి తిప్పాడు. చుక్క రాలేదు. ఇంకో చుట్టు తిప్పాడు.

“నీళ్ళు వదల్లేదా?”

సత్తిబాబు తల వంచుకుని సామాను సర్దుకుంటున్నాడు. వదిన చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. ఫణిభూషణ్ వంగి బేసిను కిందకి చూశాడు. గోడ ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూశాడు.

ఆ హాలుకి నీళ్ళ పైపే లేదు.