ఆటో స్టార్టర్లు తీసేసినం

"అందరు ఆటో స్టార్టర్లు తీసేసిండ్రా?" కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కింద నిలబడి లైన్‌మన్ అడిగాడు. "అవి ఉంటే కరెంటు రాంగనే మోటర్లన్నీ వాటంతటవే ఒక్కసారి నడుస్తయి. గిది గూడ కాలిపోతది."

"తీసేసినం," అన్నారు రైతులు.

పోశాలు నవ్వాడు. "నాదైతే నా చేతులతోటే ఊడబీకిన. వీళ్ల మాట నమ్మకు సారూ. ముందుగాల్ల ఈ నగేష్‌గానిది చూడు."

"పొట్ట మీదున్న నా వరి మీద ఒట్టు, పోశాలన్నా," అన్నాడు పక్క పొలం నగేష్.

"నీ ఒట్లకే గద, ఇదివరకు రెండు కాలినయి!"

ఇది కూడా కాలితే ఈసారి ఎవరి పంటా చేతికి రాదు.

లైన్‌మన్ స్విచ్ ఎత్తాడు. పోశాలు చెవులు రిక్కించాడు. ఎవడి మోటరు నడిస్తే వాణ్ణి తిట్టడానికి మాటలు నాలుక చివరే ఉన్నాయి.

ఒక మోటరు గుర్రుమంది. పైపులోంచి నీళ్లు దూకాయి, పోశాలు మడిలోకి.

ఇంకే మోటరూ కదల్లేదు. ఎవరూ నవ్వలేదు. తప్పు తనదే అయినట్టు నగేష్ తల దించుకున్నాడు.

పోశాలు వెనక నిలబడ్డ భార్య వైపు తిరిగాడు.

"మళ్ల నువ్వు పెట్టిచ్చినవా, సాలమ్మా?"

"పెట్టిచ్చిన."

"ఎందుకే?"

సాలమ్మ గొంతు తగ్గించింది. "ఒక్కడు గూడ తియ్యడు, అందరు దొంగలేనని రోజు బువ్వకాడ నువ్వే చెప్తివి గద. నీ మాట నమ్మిన."