ముఖం కనిపించే ఫోటో

"ఫోటో ఒకటి ఇయ్యుండ్రి సార్. మొహం మంచిగ కనవడాలె," అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

విక్రాంత్ ఫోన్ తీశాడు. పొద్దున పాల ప్యాకెట్ కోసం వీధి చివరికి వెళ్లి వచ్చేసరికి తలుపు తెరిచి ఉంది, తల్లి కమలవ్వ లేదు. కొంతకాలంగా ఆమెకు ఇల్లు గుర్తుండదు. ఒక్కోసారి కొడుకూ గుర్తుండడు. కాగజ్‌నగర్‌లో బస్టాండు, రైల్వేస్టేషను, మిల్లు వెనక గల్లీలు అన్నీ వెతికి, చివరికి ఠాణాకు వచ్చాడు.

ఫోన్ నిండా ముఖాలే. సెలవు దొరికితే కెమెరా భుజాన వేసుకుని ఊళ్లు తిరగడం అతని అలవాటు. బాగా నచ్చిన ఫోటోలన్నీ ఫోన్‌లో ఒకచోట పెట్టుకున్నాడు. మందమర్రిలో డ్యూటీ దిగి బొగ్గు మసి కడుక్కుంటున్న కార్మికుడు. ఆసిఫాబాద్ అంగడిలో మిరపకాయల కుప్ప పక్కన కునుకు తీస్తున్న ముసలామె. వానలో ప్లాస్టిక్ సంచి నెత్తిన కప్పుకుని నవ్వుతున్న మరొకామె.

"గీమెనా?" కానిస్టేబుల్ తొంగిచూశాడు.

"కాదు."

"మరి గీమె?"

"ఆమె ఎవరో నాకు తెల్వదు."

"ఊళ్లె అవ్వలందరు ఉన్నరు గని, మీ అవ్వ ఏది సార్?"

విక్రాంత్ వేలు తెర మీద జరుగుతూనే ఉంది. రోజూ ఇంట్లో కనిపించే ముఖాన్ని తీయాలని అతనికి ఎన్నడూ తోచలేదు. ఆధార్ కార్డు మీది బొమ్మ నల్లటి మరకలా ఉంది. పెళ్లి ఆల్బంలో ఉన్నది ఎప్పటి ముఖమో. ఇప్పుడు ఆమెకు పళ్లు లేవు, జుట్టు పొట్టిగా కత్తిరించారు. ఆ ఫోటో పట్టుకుని వెతికితే, ఎదురుగా వచ్చినా ఎవరూ ఆనవాలు పట్టరని కానిస్టేబుల్ మెల్లగా చెప్పాడు. చీకటి పడకముందే దొరికితే మంచిదనీ అన్నాడు.

తనతో ఫోటోలకు తిరిగేవాళ్ల వాట్సాప్ గ్రూపులో విక్రాంత్ తల్లి ఆనవాళ్లు రాశాడు. పొట్టి జుట్టు, గడ్డం మీద పచ్చబొట్టు, ఆకుపచ్చ చీర. చీర రంగు మాత్రం భార్య మంజులకు ఫోన్ చేసి అడగాల్సి వచ్చింది.

కాసేపటికి మందమర్రి కుర్రాడు ఫైజల్ నుంచి ఒక ఫోటో వచ్చింది. విక్రాంత్ దగ్గరే కెమెరా పట్టడం నేర్చుకుంటున్నాడు.

కాగజ్‌నగర్ రైల్వేస్టేషన్ బెంచీ మీద కమలవ్వ. పొద్దుటి ఏటవాలు ఎండ. చీర కొంగు వేలికి చుట్టుకుని, కెమెరాలోకి సూటిగా చూస్తూ, బోసినోటితో నవ్వుతోంది. ఆ నవ్వు చూసి ఎంతకాలమైందో విక్రాంత్‌కు గుర్తు రాలేదు.

"ఫోటో అంటే గిదీ," అని కానిస్టేబుల్ దాన్ని తన ఫోన్‌కు పంపించుకున్నాడు. "ఇగ ఫికర్ చెయ్యకుండ్రి సార్. పొద్దుగాల గీడ్నే ఉన్నదంటే, ముసలి మనిషి నడిచి ఎంత దూరం పోతది?"

విక్రాంత్ ఫైజల్‌కు ఫోన్ చేశాడు.

"మీ అవ్వ అని నాకు ఎర్క లేదన్నా. పొద్దుగాల రైలు దిగంగనే కనవడ్డది. నన్ను చూసి 'విక్రాంత్, నాది గూడ ఒకటి తియ్యి బిడ్డా' అన్నది. ఆమె కొడుకు పేరు గూడ గదేనేమో అనుకున్న. కాదంటే గా నవ్వు పోతదని, 'ఔ అవ్వా, నేనే' అన్న. ఫోటో దిగెటోళ్లు ఏమని పిలిస్తే గట్లనే పలకాలని మీరే చెప్తరు గదా."

మంచిగ తీశావని మాత్రం అన్నాడు విక్రాంత్. తర్వాత ఆమె ఎటు వెళ్లిందని అడిగాడు.

ఫైజల్ ఇంకో ఫోటో సంగతి ఎత్తుకున్నాడు.

"నేను కిందనే ఉండి, అవ్వను రైలు కిటికీ కాడ కూసోవెట్టి ఇంకోటి తీద్దామనిపించిందన్నా. మహారాష్ట్ర దిక్కు పోయే బల్లార్షా బండి కదిలెటట్టు ఉండె. 'ఎక్కి కూసో అవ్వా, నేను ఎనుకనే వస్త' అన్న."