నేల విడిచి నడవాలి

“ఆగు! ఆ కాలు అక్కడే ఆపు!”

డాన్సు టీచరు గుమ్మంలో ఒంటికాలి మీద ఆగిపోయింది. వేదిక మీద ఇలా నిలబడితే చప్పట్లు కొడతారు. ఇక్కడ చీవాట్లు పెడతారు.

“కాలికింద ఇసుక రేణువుందంటే అది రేణువు కాదమ్మాయీ, ఉలి! నా నేలంతా చెక్కేసి చక్కా పోతుంది. ఆ డబ్బాలోంచి సాక్సులు తొడుక్కో,” అన్నాడు బాబాయి.

ఆ డబ్బా పేరెత్తితేనే ఆమె ముక్కు మూసుకుంటుంది. బాబాయి పాత సాక్సులన్నీ అందులోనే ఉంటాయి. ప్లంబరు, కొరియరువాడు, పక్కింటావిడ, ఎవరొచ్చినా అవే తొడుక్కుని, వెళ్ళేటప్పుడు మళ్ళీ అందులోనే విడిచిపోవాలి. ఊరందరి పాదధూళీ ఆ డబ్బాలో కాపురముంటోంది. పాదధూళి పుణ్యమని చెప్పినవాళ్ళు దానికింత కంపుంటుందని చెప్పలేదు.

“కాళ్ళు కడుక్కునే వచ్చాను బాబాయిగారూ.”

“తడికాళ్ళా? చెక్క తడి తాగితే ఉబ్బుతుందమ్మా!”

ఆయన మోకాళ్ళ మీద దేకుతూ వచ్చాడు. ఆమె అడుగు పడిన చోట చెంప ఆనించి చూశాడు. వాసన చూశాడు. వేలు నాలుకకి రాసుకుని, ఆ ఎంగిలితోనే మరకని రుద్దాడు. చెక్కలోని చారల వెంటే రుద్దాడు, అడ్డంగా కాదు. ఆ తర్వాత పాత బనీను ముక్కతో తుడిచాడు. మైనం, నూనె, చెమట... ఏ వాసన ఎక్కడ మొదలవుతుందో ఆ బనీనుకే తెలియదు. మధ్యలో దొరికిన వెంట్రుకని ఉండచుట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఇందాక ఆ జేబులోంచే ఆమెకి పిప్పరమెంటు తీసిచ్చాడు. ఆమె తినేసింది కూడా.

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది. భర్త కాఫీ కలుపుతున్నాడు.

“ఏమండీ, కాసేపట్లో పిల్లలొస్తారు. అద్దె హాలు మూసేశాక నాకున్న దారి ఇదొక్కటే. ఇవాళ వచ్చినవాళ్ళు వెనక్కి పోతే ఇంకో టీచరు దగ్గర చేరిపోతారు. నా డాన్సు అటకెక్కినట్టే.”

“నాకు తెలీదా?”

“అసలు నేనీ ఇంట్లో అడుగుపెట్టిందే ఆ చెక్క నేల చూసి!”

“నేనేదో నన్ను చూసి అనుకుంటున్నాను.”

“జోకులు తర్వాత. ముందు ఆయనకి చెప్పండి.”

“ముఖం మీద ఎలా చెప్పనే? పెద్దాయన. ఒక్కో పలకా దగ్గరుండి వేయించుకున్నాడు. ఆ నేలంటే ప్రాణం ఆయనకి.”

“ప్రాణమైతే ఒంట్లో దాచుకోమనండి. మొన్న మనం నిద్ర లేవకముందే మంచం కింద దూరాడు!”

“నేల కిర్రుమంటోందని అనుమానం వచ్చిందటే.”

“కిర్రుమన్నది మంచమండీ!”

భర్త కాఫీలో ముఖం దాచుకున్నాడు.

“మీరిలా చెక్కభజన చేస్తుంటే, ఆయన చెక్క మీంచి లేచి మన నెత్తికెక్కుతాడు,” అని ఆమె అంటుండగానే గుమ్మంలో గంట మోగింది.

ఆమె వెళ్ళేసరికే తలుపు తీసి ఉంది. బయట వాన. గుమ్మం పక్క మేకుకి బాబాయి గొడుగు వేలాడుతోంది. ముందు పిల్లలు, వెనక తల్లులు. వాళ్ళకి అడ్డంగా డబ్బాతో బాబాయి.

“తలా ఒక జత తొడుక్కోండి. గెంతకూడదు. జారకూడదు. మడమ ఆనించకూడదు.”

“మరి డాన్సెలా చేస్తారండీ?” అంది ఒక తల్లి.

“కూర్చుని చేయమనండి. చేతులున్నాయిగా!”

“నేల విడిచి సాము చేయమంటారా?”

“సామెతలు కూడా సాక్సులు వేసుకున్నాకే!”

ఒక చిన్నపిల్ల డబ్బాలోంచి ఓ సాక్సు తీసింది. అట్టకట్టిపోయిన ఆ సాక్సు ఎవరి కాలూ అక్కర్లేకుండా నిటారుగా నిలబడింది. పిల్ల దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళు తేలేసింది. పొద్దున్న తాగిన పాలన్నీ నేల మీద భళ్ళున కక్కేసింది.

“నా నేల!”

బాబాయి పిల్లని పక్కకి తోసి మోకాళ్ళ మీద పడ్డాడు. బనీను ముక్కతో అద్దాడు. చెంప ఆనించి చూశాడు. అలవాటు చొప్పున, రుద్దిన వేలు నాలుక దాకా వెళ్ళింది.

అందరూ కళ్ళు మూసుకున్నారు. నోళ్ళూ మూసుకున్నారు.

పిల్ల ఏడుపందుకుంది. తల్లి దాన్ని ఎత్తుకుంది. “ఏమనుకోకండి టీచరుగారూ. మీ పెద్దాయన ఉండగా మా పిల్లల్ని ఇక్కడికి పంపలేం.”

తక్కినవాళ్ళు అప్పుడే గొడుగులు విప్పుతున్నారు. డాన్సు టీచరు కాలెత్తి హాలు మధ్యలో ధనామని కొట్టింది. కిటికీ అద్దాలు గల్లుమన్నాయి.

“ఏమండీ! ఈ ఇంట్లో ఆయనా, నేనా? ఇప్పుడే తేల్చండి!”

“నేను వేయించిన నేలని నా ముందే తంతావా?” బాబాయి లేచి నిలబడ్డాడు. “అబ్బాయీ, చూశావా నీ పెళ్ళాం వరస?”

భర్త వంటింట్లోంచి వచ్చాడు. నేలని చూశాడు, పిల్లని చూశాడు, ఇంకా తడారని ఆ వేలిని చూశాడు. బాబాయి చొక్కాకి పిన్నీసుతో గుచ్చి ఉన్న ఇంటి తాళంచెవిని ఊడదీసి తన జేబులో వేసుకున్నాడు. మేకుకున్న గొడుగు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

“అయ్యో, అంత పెద్దాయన్ని వానలో ఇంట్లోంచి పొమ్మంటున్నారా? మనుషులేనా మీరు?” అంది పిల్లని ఎత్తుకున్న తల్లి, ఏవగింపుగా.

భర్త చేతులు జోడించాడు.

“బాబాయిగారూ, ఈ ఇల్లు మీరు మాకు అమ్మేసి ఏడాదయింది!”